సింగపూర్‌లో ఒక్కరే మూడు రోజులు: ఎండా వానా చూసుకుని తిరిగే పద్ధతి

మొదటిసారి సింగపూర్ వెళ్లేముందు చాలా కష్టపడి ఒక ప్లాను వేసుకున్నాను. చూడాల్సిన చోట్లన్నీ మ్యాపులో గుర్తుపెట్టి, దగ్గరదగ్గరగా ఉన్నవాటిని రోజుకో కట్టగా కట్టాను. ఇంట్లో కూర్చుని చూసుకుంటే ముచ్చటగానే ఉంది. తీరా వెళ్లాక, మధ్యాహ్నం ఒంటిగంటకి మెరీనా బే ఒడ్డున చొక్కా వీపుకి అతుక్కుపోయి, ఫోను వేడెక్కి కెమెరా తెరుచుకోనని మొరాయిస్తుంటే అలాగే నిలబడిపోయాను. ఎదురుగా మెర్లయన్ అనే సింహం తల చేప బొమ్మ నోట్లోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. వెళ్లి దాని కింద తల పెట్టాలనిపించింది.

సింగపూర్ భూమధ్యరేఖకి 1.3 డిగ్రీల ఉత్తరాన ఉంది. అందుకే ఏ నెలలో వెళ్లినా పొద్దు ఏడింటి ప్రాంతంలో పొడుస్తుంది, ఏడింటి ప్రాంతంలోనే కుంకుతుంది. పగలు 31 నుంచి 33 డిగ్రీలు. వినడానికి ఏముంది, మనకి ఏప్రిల్లో నలభై దాటుతుంది కదా అనిపిస్తుంది. కానీ గాలిలో తేమ వల్ల అక్కడ పట్టిన చెమట ఆరదు. మధ్యాహ్నం పూట ఉరుములతో వాన దంచికొట్టి, చాలాసార్లు గంటా గంటన్నరలో వెలిసిపోతుంది. రెండోసారి వెళ్లినప్పుడు మ్యాపు పక్కన పెట్టి గడియారం పట్టుకున్నాను. పొద్దున ఏడు నుంచి పదిన్నర దాకా బయట, పదకొండు నుంచి నాలుగు దాకా ఏసీ కింద, ఐదు నుంచి రాత్రి పదింటి దాకా మళ్లీ బయట. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

కుటుంబంతో వెళ్తే ఇలా కుదరడం కష్టం. పిల్లలు లేచేసరికి ఎనిమిదిన్నర, అందరూ తయారయ్యేసరికి పదకొండు. ఒక్కరే అయితే ఆరున్నరకే షూ లేసులు కట్టుకుని వీధిలో ఉండొచ్చు, మధ్యాహ్నం గదికొచ్చి ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఓ కునుకు తీయొచ్చు.

1. నెల చూసుకోండి, పండగలూ చూసుకోండి

వాన పడని నెల అంటూ అక్కడ లేదు. నవంబర్ నుంచి జనవరి దాకా ఎక్కువ తడి, ఫిబ్రవరి కాస్త పొడి. వానకి భయపడి తేదీలు మార్చుకోనక్కర్లేదు. చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. చైనీయుల కొత్త సంవత్సరం నాలుగు రోజులూ సగం తిండి స్టాళ్లు మూసి ఉంటాయి. ఒక్కరే వెళ్లినవాళ్లకి అది నిజంగా ఇబ్బంది. 2008 నుంచి జరుగుతున్న ఫార్ములా వన్ రాత్రి రేసు సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో వస్తుంది. ఆ వారం గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి, మెరీనా బే చుట్టూ రోడ్లు మూసేస్తారు. దీపావళి ముందు వారాలైతే మంచి కాలం, లిటిల్ ఇండియా అనే భారతీయుల పేటలో సెరంగూన్ రోడ్డంతా దీపాల తోరణాలే.

సోమవారం దిగకండి. కొన్ని మ్యూజియంలకి అది సెలవు. వీలైతే ఒక ఆదివారం కలిసొచ్చేలా చూసుకోండి, ఎందుకో లిటిల్ ఇండియా దగ్గర చెబుతాను.

2. వీసా, అరైవల్ కార్డు: రెండూ వేర్వేరు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి వీసా కావాలి. అక్కడి వలస వ్యవహారాల శాఖ పేరు ఐసీఏ. పర్యాటకుల దరఖాస్తులు ఎక్కువగా ఆ శాఖ గుర్తించిన ఏజెంట్ల ద్వారానే వెళ్తాయి. ఫారం 14ఏ, ఫోటో, పాస్‌పోర్టు కాపీ, రానూపోనూ టికెట్లు, బస వివరాలు సిద్ధంగా ఉంచుకోండి. దరఖాస్తు రుసుము 30 సింగపూర్ డాలర్లు; వీసా రాకపోయినా అది తిరిగి రాదు. ఏజెంటు తన కమీషను వేరే వేసుకుంటాడు, ఎంతో ముందే అడగండి. ప్రయాణం తేదీకి 30 రోజుల లోపు ఉండగా దరఖాస్తు పెట్టాలి. మామూలుగా మూడు పనిదినాల్లో తేలిపోతుంది గానీ, పది రోజులు చేతిలో ఉంచుకోండి. నా ఫోటోలో చెవుల వెనక నీడ పడిందని వెనక్కి పంపారు. మళ్లీ తీయించి ఇవ్వడానికి రెండు రోజులు పోయాయి. పాస్‌పోర్టుకి ఆర్నెల్ల గడువు మిగిలి ఉండాలి.

అరైవల్ కార్డు అనేది దీనికి సంబంధం లేని ఇంకో కాగితం. కాగితం అన్నానుగానీ అంతా ఆన్‌లైనే. దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు ఐసీఏ సైటులోనో వాళ్ల యాప్‌లోనో నింపాలి. పైసా ఖర్చు లేదు. గూగుల్‌లో వెతికితే పైన కనిపించే కొన్ని సైట్లు దీనికి డబ్బు అడుగుతాయి. అడిగారంటే అది అసలు సైటు కాదని అర్థం.

ఒక్కరే ప్రయాణిస్తుంటే ఇమ్మిగ్రేషన్‌లో ఒకటి రెండు ప్రశ్నలు ఎక్కువ పడొచ్చు. ఎన్ని రోజులు, ఎక్కడ బస, ఎందుకొచ్చారు, ఇంతే. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ఫోనులో సేవ్ చేసి ఉంచుకోండి. నెట్ మీద ఆధారపడకండి. పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, ఎన్నాళ్లు ఉండొచ్చో ఈమెయిల్‌కి పంపిస్తారు. ఆ మెయిల్‌లోని తేదీయే లెక్క, వీసా మీదిది కాదు.

3. సంచిలో పెట్టకూడనివి ముందు

మన ఇళ్లలో సంచి సర్దేటప్పుడు అమ్మో, అత్తగారో చివర్లో ఏదో ఒక పొట్లం దూరుస్తారు. ఆ పొట్లం విప్పి చూడండి. గసగసాల విషయంలో సింగపూర్ మాదకద్రవ్యాల చట్టం గట్టిది. విడిగానే కాదు, గసగసాలు వేసిన మసాలా పొడి కూడా వద్దు. చూయింగ్ గమ్ తేవడం 1992 నుంచి నిషేధం. గుట్కా, ఖైనీ లాంటి నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు పూర్తిగా నిషేధం. సిగరెట్లకి సుంకం మినహాయింపే లేదు. ఒక్క పెట్టె ఉన్నా కస్టమ్స్ దగ్గర ఎర్ర దారిలో వెళ్లి చెప్పి సుంకం కట్టాల్సిందే. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు వాడేవాళ్లు ముందే అనుమతి సంగతి చూసుకోవాలి, డాక్టర్ చీటీ దగ్గరుంచుకోవాలి.

పెట్టుకోవాల్సినవి కొన్నే. పల్చటి నూలు బట్టలు, రోజుకి రెండు చొక్కాల లెక్కన. మడిచే గొడుగు, రెయిన్‌కోటు వేసుకుంటే లోపల ఆవిరి పట్టిన ఇడ్లీలా ఉడికిపోతారు. మెట్రోలోనూ మాల్స్‌లోనూ ఏసీ వణికిస్తుంది, ఒక పల్చటి స్టోలు లేదా ఫుల్ హ్యాండ్స్ చొక్కా. తడి రాతి మీద జారని షూ. రోజుకి పద్దెనిమిది, ఇరవై వేల అడుగులు పడతాయి. అక్కడి ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, మన ఛార్జర్ దూరదు, అడాప్టర్ కావాలి. ఖాళీ నీళ్ల సీసా పెట్టుకోండి. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు.

4. బస: నీలం గీత మీద ఎక్కడైనా

ఈ మొత్తంలో నేను గట్టిగా చెప్పగలిగే సలహా ఒకటుంటే, ఇదే. సింగపూర్ మెట్రోని ఎంఆర్‌టీ అంటారు. మ్యాపులో నీలం రంగు గీత ఉంటుంది, దాని పేరు డౌన్‌టౌన్ లైన్. అది ఊరి మధ్యలో మెలిక తిరిగి వెళ్తుంది. చైనాటౌన్, బేఫ్రంట్, బుగిస్, లిటిల్ ఇండియా, బొటానిక్ గార్డెన్స్, అన్నీ ఆ ఒక్క గీత మీదే ఉన్నాయి. ఎయిర్‌పోర్టు స్టేషన్ నుంచి ఒక్క స్టాపు వెళ్తే ఎక్స్‌పో వస్తుంది, అక్కడే నీలం లైనుకి మారొచ్చు. ఊళ్లోకి మూడు డాలర్ల లోపే. మూడు రోజుల మనిషికి మిగతా లైన్లు అంతగా పట్టించుకోనక్కర్లేదు.

నేను ఉండేది లిటిల్ ఇండియా, జలన్ బెసార్ మధ్య. శాకాహారం దొరుకుతుంది, అర్ధరాత్రి దాకా జనం ఉంటారు, గదులు కాస్త చవక. చవక గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు. బుక్ చేసేటప్పుడు ఆ ఒక్క మాట వెతికి చూడండి. తెల్లారిందో లేదో తెలియని గదిలో ఏడింటికి లేవడం నా వల్ల కాలేదు. క్యాప్సూల్ హాస్టళ్లు ఒక్కరే వెళ్లినవాళ్లకి బాగుంటాయి, ఆడవాళ్లకి వేరే గదులున్నవి ఉన్నాయి. చెక్ ఇన్ మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు, కానీ సంచి పొద్దున్నే పెట్టుకోనిస్తారు. హైదరాబాద్ నుంచి రాత్రి బయల్దేరితే నాలుగున్నర గంటల్లో తెల్లవారుజామున దిగుతారు కాబట్టి ఇది అవసరం పడుతుంది. గడియారం రెండున్నర గంటలు ముందుకి జరుపుకోవడం మర్చిపోకండి.

5. కార్డు, రైలు, బస్సు

మన బ్యాంకు వీసా లేదా మాస్టర్ కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు, కాంటాక్ట్‌లెస్ ఆన్ చేసుకుని వెళ్తే, అదే కార్డు మెట్రో గేటు దగ్గర తాకిస్తే చాలు, టికెట్ కొనే పనే లేదు. విదేశీ కార్డుకి వాడిన రోజుకి 60 సెంట్ల అదనపు రుసుము పడుతుంది. మూడు రోజులకి అది పెద్ద లెక్క కాదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే కార్డు తాకించాలి. ఎక్కేటప్పుడు ఫోను, దిగేటప్పుడు కార్డు అంటే కుదరదు. బస్సులో దిగేటప్పుడు తాకించడం నేను మర్చిపోయాను, ఆ బస్సు చివరి స్టాపు దాకా పోయే చార్జీ కోసేసింది.

బస్సు వస్తుంటే చెయ్యి చాపాలి, లేకపోతే ఆగకుండా వెళ్లిపోతుంది. డబుల్ డెక్కర్ వస్తే పైన ముందు సీటు పట్టుకోండి, రెండు డాలర్లకి ఊరు చూపించే బస్సు అదే. మెట్రోలో తినకూడదు, తాగకూడదు, మంచినీళ్లు కూడా. జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. ఎస్కలేటర్ మీద ఎడమ పక్క నిలబడతారు, కుడి పక్క నడిచేవాళ్లది. రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి.

యాభై అరవై డాలర్లు నోట్లుగా ఉంచుకోండి. కొన్ని తిండి స్టాళ్లు, పడవలవాళ్లు నోట్లే తీసుకుంటారు.

6. మొదటి రోజు: పొద్దున లిటిల్ ఇండియా, రాత్రి మెరీనా బే

సంచి హోటల్లో పడేసి సెరంగూన్ రోడ్డు మీదికి రండి. శ్రీ వీరమాకాళియమ్మన్ గుడి, ఇంకాస్త ముందుకెళ్తే శ్రీనివాస పెరుమాళ్ గుడి. మనలాగే మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు, అందుకే ఇది పొద్దుటి పని. టెక్కా సెంటర్ కింది అంతస్తులో కూరగాయల మార్కెట్ ఉంది. మునక్కాడలు, కరివేపాకు, పచ్చి అరటికాయలు చూసి ఇంత దూరం వచ్చి ఇదేనా చూసేది అనుకోకండి. పక్క వరసలోనే చైనా ఆకుకూరలు, మలేషియా పచ్చిమిర్చి కూడా ఉంటాయి, బేరాలు నాలుగు భాషల్లో నడుస్తుంటాయి.

ఆదివారం అయితే సాయంత్రం ఇటు ఒకసారి రండి. భవన నిర్మాణంలో, ఓడల యార్డుల్లో పనిచేసేవాళ్లకి అది సెలవు. వేల మంది ఇక్కడికే వస్తారు. పార్కింగ్ గోడల మీద, పచ్చిక మీద కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేస్తుంటారు. నా పక్కన కూర్చున్నతను ఫోనులో "ధాన్యం అమ్మేశారా, తడిసిందా?" అని అడుగుతున్నాడు. తెలుగు వినగానే తిరిగి చూశాను. ఊరు అడిగాను, తను నా ఊరు అడిగాడు, ఓ పావుగంట మాట్లాడుకున్నాం. అతను ఆరేళ్లుగా అక్కడే ఉన్నా మెరీనా బే చూసింది రెండేసార్లట.

పదకొండు దాటగానే లోపలికి. అదే వీధుల్లో 2015లో తెరిచిన ఇండియన్ హెరిటేజ్ సెంటర్ ఉంది, లేదా గదిలో నిద్ర. రాత్రి విమానంలో వచ్చినవాళ్లకి నిద్రే మేలు. మొదటి రోజు మధ్యాహ్నం పడుకోనివాళ్లు ఏడున్నరకి లైట్ షో ముందు ఆవలిస్తుంటారు.

ఐదున్నరకి లేచి బేఫ్రంట్ స్టేషన్‌లో దిగండి. గార్డెన్స్ బై ద బే 2012లో తెరిచారు. బయటి తోటలన్నీ ఉచితం, రెండు గాజు గోపురాలకి మాత్రం టికెట్. రెండింట్లో ఒకటే అంటే నా ఓటు క్లౌడ్ ఫారెస్ట్‌కి. తలుపు తీయగానే 35 మీటర్ల ఎత్తు నుంచి పడే నీళ్ల తుంపర మొహాన కొడుతుంది. సూపర్‌ట్రీలు అనే కృత్రిమ చెట్ల దగ్గర గార్డెన్ రాప్సొడీ అనే దీపాల ప్రదర్శన 7.45కి ఒకటి, 8.45కి ఒకటి. 7.30కి వెళ్లి నేల మీద వెల్లకిలా పడుకోండి. అందరూ అలాగే పడుకుంటారు, సిగ్గుపడకండి. నిలబడి మెడ వెనక్కి విరిచి చూసినవాళ్లకీ, పడుకుని చూసినవాళ్లకీ కనిపించేది ఒకటే షో అనిపించదు.

ఎనిమిదికి అది అయిపోతుంది. వంతెన మీదుగా మెరీనా బే శాండ్స్ భవనంలోంచి దాటుకుని అటు నీటి ఒడ్డుకి చేరడానికి ఇరవై నిమిషాలు చాలు. అక్కడ తొమ్మిదికి నీళ్ల మీద స్పెక్ట్రా షో, అదీ ఉచితమే. ఆ తర్వాత జనం మెట్రో వైపు పరుగెత్తుతారు. మీరు మాత్రం నీటి చుట్టూ నడవండి. హెలిక్స్ వంతెన మీదుగా మెర్లయన్ దాకా తాపీగా ముప్పావుగంట. 8.6 మీటర్ల ఆ సింహం-చేప బొమ్మ 1972 నాటిది. మధ్యాహ్నం ఎండలో నాకు శిక్షలా అనిపించిన చోటు, రాత్రి పదింటికి గాలి తగులుతూ, నీళ్లలో దీపాలు వణుకుతూ వేరే ఊరిలా ఉంది. అదృష్టం ఉంటే నీటి అంచున నీటికుక్కల కుటుంబం కూడా కనిపిస్తుంది.

7. తిండి: టిష్యూ పొట్లం జోలికి పోవద్దు

హాకర్ సెంటర్ అంటే ఒకే పైకప్పు కింద యాభై, వంద చిన్న స్టాళ్లు. వీధిలో తోపుడు బళ్ల మీద అమ్మేవాళ్లని ప్రభుత్వం ఇలా ఒక చోట చేర్చింది. ఈ తిండి సంస్కృతి 2020లో యునెస్కో జాబితాకెక్కింది. ఒక్కరే తినడానికి ఇంతకంటే సుఖమైన చోటు లేదు. ఐదు నుంచి ఎనిమిది డాలర్లకి కడుపు నిండుతుంది, తెలియనివాళ్ల బల్ల దగ్గర కూర్చోవడం అక్కడ మామూలు.

మాక్స్‌వెల్ సెంటర్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకి పళ్లెం పట్టుకుని తిరుగుతుంటే ఒక ఖాళీ బల్ల కనిపించింది. మీద ఎవరో మర్చిపోయిన చిన్న టిష్యూ పొట్లం. దాన్ని పక్కకి జరిపి కూర్చుని రెండు ముద్దలు తిన్నాను. ఆఫీసు మెడకార్డు వేసుకున్న ఒకావిడ పళ్లెంతో వచ్చి టిష్యూ వంక చూసింది, నా వంక చూసింది. నాకు విషయం బోధపడలేదు. "చోప్," అంది నవ్వుతూ, ఆ పొట్లం వేలితో తడుతూ. అంటే రిజర్వు చేసుకున్నట్టట! మన బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టే. లేవబోతే చేత్తో ఆపి ఎదురుగా కూర్చుని తన అన్నం తను తిన్నది. ఒక్కరే వెళ్లినవాళ్లకి సీటు కాపలా కాసేవాళ్లుండరు కాబట్టి, మీరూ ఒక టిష్యూ పొట్లం జేబులో వేసుకోండి. తిన్నాక పళ్లెం తీసుకెళ్లి అరలో పెట్టడం 2021 నుంచి చట్టం.

శాకాహారులకి ఒక హెచ్చరిక. "కూరగాయలే" అని చెప్పి ఇచ్చే దాంట్లో ఎండు రొయ్యల ముద్ద, ఆయిస్టర్ సాస్ ఉండొచ్చు. వాళ్ల దృష్టిలో అవి రుచి కోసం వేసేవి, మాంసం కాదు. ఇండియన్ శాకాహార స్టాలు గానీ, బౌద్ధుల శాకాహార స్టాలు గానీ చూసుకోండి. సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఉంది. రోటీ ప్రాటా మన పరోటాకి చుట్టమే, కానీ పక్కన ఇచ్చే పులుసు తరచూ చేపదో మాంసందో అవుతుంది, పప్పు కావాలని అడగండి. మాంసాహారులైతే చికెన్ రైస్, లక్సా (కొబ్బరిపాల పులుసులో నూడుల్స్), నాసి లెమాక్ (కొబ్బరిపాలతో వండిన అన్నం), ఈ మూడూ చాలు మూడు రోజులకి. సాటే అనే మాంసం పుల్లలు లౌ పా సాట్ హాకర్ సెంటర్ పక్క వీధిలో రాత్రి ఏడు తర్వాత కాలుస్తారు. కొన్ని స్టాళ్లు పదికి తక్కువ ఇవ్వవు, ఆకలిగా ఉన్నప్పుడే వెళ్లండి.

కాఫీ భాష వేరే. కోపి అంటే గడ్డ పాలు, అదేనండీ, తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ వేసింది. కోపి ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో. కోపి సి అంటే చక్కెర, ఎవాపరేటెడ్ పాలు. చివర సియూ దాయ్ అంటే తీపి తక్కువ, కొసొంగ్ అంటే అసలు తీపి వద్దని. గుడ్డ సంచిలోంచి వడకట్టే పెద్దాయన్ని "అంకుల్, కోపి సి, సియూ దాయ్" అనండి. అక్కడ స్టాలు నడిపే పెద్దవాళ్లందరూ అంకుల్సూ ఆంటీలే.

8. రెండో రోజు: తోట, మసీదు, చైనాటౌన్

ఆరున్నరకి లేచి బొటానిక్ గార్డెన్స్‌కి. 1859లో మొదలైన తోట, 2015లో యునెస్కో వారసత్వ స్థలమైంది, ప్రవేశం ఉచితం. ఏడింటికి ముసలివాళ్లు తాయ్ చీ అనే చైనా వ్యాయామం చేస్తుంటారు, హంసల కొలను మీద ఇంకా పొగమంచులాంటి ఆవిరి. జేబులోంచి ఐదు డాలర్ల నోటు తీసి వెనక వైపు చూడండి, ఒక చెట్టు బొమ్మ ఉంటుంది. ఆ టెంబుసు చెట్టు ఇక్కడే పచ్చికలో నిలబడి ఉంది. మలయా రబ్బరు తోటల కథ కూడా ఇక్కడిదే. హెన్రీ రిడ్లీ అనే డైరెక్టరు చెట్టు చావకుండా బెరడు గీసి పాలు తీసే పద్ధతిని ఈ తోటలోనే తేల్చాడు. లోపల ఆర్కిడ్ తోటకి విదేశీయులకి టికెట్ 15 డాలర్లు, పూల మీద ప్రేమ ఉంటే వెళ్లండి. నాకైతే ఆ డబ్బు వృథా అనిపించలేదు.

ఎండ వేళకి నేషనల్ గ్యాలరీ అనే చిత్రకళ మ్యూజియం. పాత సుప్రీంకోర్టు, సిటీ హాల్ భవనాలు రెండింటినీ కలిపి 2015లో తెరిచారు. 1945 సెప్టెంబర్ 12న జపాన్ సేనలు లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది ఈ సిటీ హాల్లోనే. బొమ్మల మీద ఆసక్తి లేకపోయినా, ముద్దాయిలని కూర్చోబెట్టిన ఇరుకు గదులు అలాగే ఉంచారు, అవి చూడొచ్చు. వాన కొట్టేది సరిగ్గా ఈ వేళకే. లోపలుంటే గాజు పైకప్పు మీద చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.

నాలుగున్నరకి బుగిస్‌లో దిగి కంపొంగ్ గ్లామ్ అనే పేటకి. సుల్తాన్ మసీదు బంగారు గోపురం ఫోటో అందరూ తీస్తారు. కాస్త దగ్గరికెళ్లి గోపురం మొదట్లో నల్లగా మెరిసే పట్టీని చూడండి. అది రాయీ కాదు, రంగూ కాదు, గాజు సీసాల అడుగులు. ఇప్పటి మసీదు కట్టేటప్పుడు పేద ముస్లింలకి కూడా తమ వంతు ఉండాలని వాళ్ల దగ్గర సీసాలు సేకరించి వరసగా పేర్చారు. లోపలికి వెళ్లడానికి నిండుగా బట్టలుండాలి, లేకపోతే అక్కడే అంగీ ఇస్తారు. ప్రార్థన వేళలు, శుక్రవారం మధ్యాహ్నం తప్పించండి.

చినుకులు మొదలైతే పాత కొట్ల ముందు వరండాలోకి జరగండి. వాటిని ఫైవ్ ఫుట్ వే అంటారు. 1822లో, ఈ ఊరిని బ్రిటిష్ రేవుగా మొదలుపెట్టిన రాఫెల్స్ కాలంలోనే, ప్రతి కొట్టు ముందూ దారిన పోయేవాళ్లకి కప్పు ఉండాలని నియమం పెట్టారు. గొడుగు తెరవకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లిపోవచ్చు, టైల్స్ తడిస్తే మాత్రం జారతాయి.

ఆరున్నరకి నీలం రైల్లోనే చైనాటౌన్. అక్కడ మొట్టమొదట కనిపించేది మన గుడే: 1827 నాటి శ్రీ మారియమ్మన్ ఆలయం, ఊళ్లో అన్నిటికంటే పాత హిందూ గుడి. అదే వీధిలో కాస్త దూరంలో బుద్ధుడి దంత ధాతువు పేరు మీద 2007లో కట్టిన ఆలయం. రాత్రి భోజనం ఇటే.

రెండో రోజు రాత్రి ఏడెనిమిది మధ్య కాస్త బెంగగా ఉంటుంది, చుట్టూ అందరూ జంటలుగా, గుంపులుగా తింటుంటారు. ఇంటికి ఫోన్ చేసే టైము అది. రేపటి ప్లాను, హోటల్ పేరు ఇంట్లో ఒకరికి రోజూ పంపడం అలవాటు చేసుకోండి. ఊరు రాత్రిపూట కూడా భద్రంగానే ఉంటుంది. అవసరం పడితే పోలీసులకి 999, అంబులెన్సుకి 995.

9. మూడో రోజు: ఒక్కటే ఎంచుకోండి

సెంటోసా, జూ, పులావ్ ఉబిన్ అనే చిన్న దీవి, మూడూ ఒకే రోజు అనుకుంటే మూడూ పాడవుతాయి. యూనివర్సల్ స్టూడియోస్ మోజు ఉంటే సెంటోసా. కొన్ని రైడ్లకి ఒంటరిగా వచ్చినవాళ్లకి వేరే వరస ఉంటుంది, గంట నిలబడాల్సిన చోట పది ఇరవై నిమిషాల్లో ఎక్కేస్తారు. జంతువులంటే మండాయ్ జూ.

నేనైతే ఉబిన్. తనా మెరా స్టేషన్ నుంచి 2వ నంబరు బస్సు చాంగీ విలేజ్ వెళ్తుంది. అక్కడి రేవులో చెక్క పడవలు, మనిషికి 4 డాలర్లు, నోట్లే. టైమ్ టేబుల్ లేదు, పన్నెండు మంది నిండగానే కదులుతుంది. కుటుంబాలు తమవాళ్ల కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంటే, "ఒక్కరున్నారా?" అని పడవ అతను కేకేసినప్పుడు చెయ్యెత్తింది నేనే. పది నిమిషాల్లో అవతల. సైకిల్ అద్దెకి తీసుకునే ముందు బ్రేకులు నొక్కి, సీటు ఎక్కి చూడండి, చవకదని తీసుకుంటే ఎత్తు మీద చైను ఊడుతుంది. చెక్ జావా చిత్తడినేల దాకా తొక్కుకెళ్లొచ్చు, సైకిల్ బయటే ఉంచి చెక్క దారి మీద నడవాలి. అడవిపందులు, కోతులు ఎదురవుతాయి, సంచిలో తిండి కనిపించనివ్వకండి. ఏడున్నరకల్లా రేవులో ఉంటే పదకొండుకి వెనక్కి రావచ్చు. ఉరుములు మొదలయ్యాక అడవి దారిలో ఉండొద్దు.

ఈ రోజే తిరుగు ప్రయాణం అయితే ఇంకో వెసులుబాటు. చాంగీ విలేజ్ ఎయిర్‌పోర్టుకి దగ్గర. పొద్దున్నే గది ఖాళీ చేసి, ఎయిర్‌పోర్టులో డబ్బు కట్టి సామాను పెట్టి, అక్కడి నుంచి ట్యాక్సీలో రేవుకెళ్తే మళ్లీ ఊళ్లోకి రానక్కర్లేదు. చెమట కంపుతో విమానం ఎక్కక్కర్లేదు, టెర్మినళ్ల లోపల డబ్బు కట్టి స్నానం చేయొచ్చు.

10. తిరిగి వచ్చేటప్పుడు జువెల్

ఎయిర్‌పోర్టు పక్కనే 2019లో తెరిచిన జువెల్ మాల్‌లో 40 మీటర్ల జలపాతం దిగిన పొద్దునే చూద్దామని పరుగెత్తకండి. తెల్లవారుజామున అది కట్టేసి ఉంటుంది, పది పదకొండు తర్వాతే నీళ్లు వదులుతారు. పోయేరోజు సాయంత్రానికి దాచుకోండి, చీకటి పడ్డాక దాని మీద దీపాలు వేస్తారు.

ఒక కొట్లో ఒకే రోజు 100 డాలర్లకి తక్కువ కాకుండా కొని ఉంటే 9 శాతం జీఎస్టీలో చాలా భాగం వెనక్కి వస్తుంది. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి ఉండాలి. ఆ వస్తువు చెక్ ఇన్ బ్యాగులో పెడుతుంటే, బ్యాగు ఇచ్చేయకముందే రీఫండ్ యంత్రం దగ్గరికి వెళ్లాలి, తర్వాత చూపించమంటే చూపించడానికి చేతిలో ఉండదు.

చివరిగా కాయా. కొబ్బరిపాలు, గుడ్డు, చక్కెరతో చేసే ఆ జామ్ రెండు సీసాలు కొని, పగిలిపోతాయేమోనని జాగ్రత్తగా చేతిసంచిలో పెట్టుకున్నాను. అక్కడ చాలా టెర్మినళ్లలో తనిఖీ విమానం గేటు దగ్గరే చేస్తారు. అంటే ఎయిర్‌పోర్టంతా రెండు గంటలు మోసుకు తిరిగి, సరిగ్గా ఎక్కబోయే ముందు తెలిసింది, జామ్ కూడా ద్రవాల లెక్కే, 100 మిల్లీలీటర్లు దాటితే లోపలికి రానివ్వరని. వరసలో నా వెనకున్న తమిళ పెద్దావిడ తన సంచి విప్పి చూపించింది, ఆవిడ దగ్గర మూడున్నాయి.